నాకు పూచీ పడ్డ సారు

మా ఫిజిక్స్ సారు పోయారని నేను పనిచేసే బ్యాంకుకు ఫోను వచ్చింది. చేసింది వాళ్ల పక్కింట్లో ఉండే కంపౌండరు. మా నాన్నను అడిగి నంబరు పట్టుకున్నాడట. అప్పటికి అన్నీ అయిపోయి రెండు రోజులు. "మేడం నీకు చెప్పమనలే. నేనే చేసిన," అని పెట్టేశాడు. మేడమంటే సారు భార్య. ఆమె ఎందుకు చెప్పమనలేదో ఊరెళ్లేదాకా నాకు తెలియలేదు.

చండ్రుగొండకు అవతల, అడవి అంచున మా తండా. పక్క ఊళ్లో హైస్కూలు. సారు పాఠం మొదలుపెట్టే ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు. గంట కొట్టినా ఆపేవారు కాదు. ఒకరోజు నోటుబుక్కులోంచి సన్నటి కాగితం పట్టీ చించి, పెదవి కింద పెట్టుకొని ఊదారు. వాలిపోయిన కాగితం పైకి లేచింది. "విమానం లేసేది గిట్లనే. మీది ఏ ఊరని గాలి అడగదు బిడ్డా," అన్నారు.

ఇంటర్ అయ్యాక, మా బోటి పిల్లలకు విమానం నడపడం నేర్పే సర్కారు స్కాలర్‌షిప్పు ఒకటుందని పేపర్లో చూసి నాచేత దరఖాస్తు పెట్టించింది ఆయనే. ముందు పెన్సిలుతో రాయించి, తర్వాత దాని మీద పెన్నుతో దిద్దించారు. "కొట్టివేతలుంటే వాళ్లకు సాకు దొరుకుతది."

హైదరాబాదులో, రెండు సీట్ల చిన్న విమానంలో, పక్కన ఇన్‌స్ట్రక్టరు కూర్చుని నేర్పేవాడు. కొన్ని నెలలకు విమానాన్ని కుదుపు లేకుండా దించగలిగాను. ఇక ఒక్కదాన్నే ఎగరొచ్చు, కాకపోతే స్టూడెంట్ పైలట్ లైసెన్సు చేతికి రావాలన్నాడు. డాక్టరు పరీక్ష, నోటి పరీక్ష రెండూ అయ్యాయి. మా ఠాణా నుంచి పోలీసు రిపోర్టు మాత్రం రాలేదు. నాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే ఎగిరి వచ్చి మిఠాయి పంచుతుంటే నేను విమానం రెక్కలు తుడుస్తూ కూర్చున్నాను.

ఊరికొచ్చి సారుకు చెప్పాను. బడి వదలగానే ఆయన నన్ను వెంటబెట్టుకొని రోజూ ఠాణాకు నడిచేవారు. అక్కడివాళ్లు రోజూ రేపు రమ్మనేవారు. చివరికి ఎస్సై నోరు విప్పాడు.

"ఏం సారూ, అన్నలు తిరిగే అడివి. ఈ పిల్ల విమానం తెచ్చి ఆ అడివిల దింపితే జవాబు ఎవలు చెప్తరు?"

నాకు నవ్వొచ్చింది. సారు నవ్వలేదు.

"నేను చెప్త. రాసుకోండ్రి."

ఎస్సై ఒక కాగితం ముందుకు జరిపాడు. సారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. బయటికొచ్చాక అందులో ఏముందని అడిగాను.

"ఏముంటది, నువ్వు మంచిదానివని రాసిన. జల్దీ నడువు, బస్సు పోతది."

లైసెన్సు వచ్చింది. ఒంటరిగా ఎగిరాను. పక్కన మనిషి బరువు లేక విమానం అనుకున్నదానికన్నా ముందే నేల వదిలింది. పైన ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. ఒక చుట్టు తిరిగి దిగాను. అంతే. మరుసటి వారమే స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. ఉద్యోగానికి కావలసినన్ని గంటలు ఎగరలేదు. బ్యాంకు పరీక్ష రాసి గుమాస్తానయ్యాను.

సారుకు ఆ మాట చెప్పలేకపోయాను. ఊరొచ్చినా వాళ్ల వీధి తప్పించుకొని తిరిగాను. ఆయన తండాకు కార్డులు రాస్తే నాన్న నాకు పంపేవాడు. "ఎక్కడున్నవు? ఏం పని చేస్తున్నవు? ఒక్క ముక్క రాయి." పైలట్ అయ్యానా అని అడుగుతున్నారనుకొని, ఒక్కదానికీ జవాబు రాయలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్తే మేడం కూర్చోమనలేదు.

"అడివిల ఏం జరిగినా సారును ఠాణాకు పిలిచేది. ఆ పిల్లకు పూచీ పడ్డవు గదా, ఏడుందో చెప్పు అని. పొద్దున పోతే పొద్దుగూకేదాక బెంచీ మీద కూసోబెట్టేది. బ్యాంకుల ఉందని మీ నాయిన చెప్తే పోలీసోళ్లు నమ్మలే. ఆమె రాసిన కాగితం తెమ్మన్నరు."

"నాకు ఒక్కమాట చెప్పకపోయిండ్రు మేడం..."

"నువ్వు రంది పడతవని సారు మీ నాయినను గూడ చెప్పనియ్యలే. నువ్వు ఒక్క కార్డు ముక్క రాస్తే తీస్కపోయి చూపెట్టేటోడు. ఎన్నేండ్లు బిడ్డా?"

ఆయన వల్ల నేను ఒక్కదాన్నే ఆకాశంలో ఉన్నది కొద్ది నిమిషాలే. నా వల్ల ఆయన ఏళ్ల తరబడి ఆ బెంచీ మీద కూర్చున్నారు. ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా ఆ లెక్క సరిపోదు. చెప్పుకోకుండా ఉండలేక ఇది రాస్తున్నాను.

తిరుగు బస్సు ఠాణా ముందు ఆగింది. వరండాలో బెంచీ మీద ఎవరో ముసలాయన, ఒళ్లో సద్ది గిన్నె పెట్టుకొని కూర్చున్నాడు. లోపలి నుంచి ఎవరైనా బయటికి వచ్చినప్పుడల్లా సగం లేచి నిలబడుతున్నాడు. వాళ్లు ఆయన్ను దాటుకొని వెళ్లిపోతుంటే మళ్లీ కూర్చుంటున్నాడు.