పాతరలో పెట్టిన రేడియో

ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీకి ఒక వాసన ఉంటుంది. మరీ మాగిన సీతాఫలం పక్కన గోళ్ల రంగు సీసా మూత తీసి పెట్టినట్టు, తియ్యగా ఉంటూనే ముక్కు లోపల గుచ్చుతుంది. మొన్న పొద్దున నా ఫోను వెనకభాగం కొద్దిగా పైకి లేచి, ఆ సందులోంచి ఈ వాసన వచ్చింది. వనపర్తిలో దాన్ని కొన్న దుకాణానికే తీసుకుపోయాను. అక్కడ కూర్చున్న అమ్మాయి ఫోనును పెన్ను కొనతో జరిపి చూసి, కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఇది మేం విప్పొద్దు తాతా, మీరు గూడ విప్పొద్దు. కంపెనీకి పంపాలె."

"విప్పొద్దంటే ఎట్లమ్మా, సెల్లు మార్చేందుకు మూత ఎక్కడుంది?"

"మూత ఉండదు. గమ్ముతోని అంటిస్తరు."

మూత ఉండదు! సెల్లు పాడైపోయే వస్తువని తెలిసి, దాన్ని గమ్ముతో అంటించి, మీద నున్నటి అద్దం బిగించి, కొన్నవాడు ముట్టుకుంటే గ్యారంటీ లేదని ఆవగింజంత అక్షరాలతో రాసి అమ్ముతున్నారు. యంత్రాలంటే గిట్టని ముసలివాడి గొణుగుడు కాదిది. రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు, డిష్ డబ్బాలు, సెల్‌ఫోన్లు అన్నీ విప్పి బిగించి బతికినవాణ్ణి నేను. కొత్త ఫోను కెమెరాకు రెండు కళ్లొచ్చాయని తెలిస్తే బస్సెక్కి పోయి చూసి వస్తాను. ఆ అమ్మాయికి ఏమీ చెప్పకుండా ఫోనును గుడ్డసంచిలో వేసుకుని ఊరికి తిరిగి వచ్చాను. దారిపొడుగునా సంచిలోంచి ఆ వాసన వస్తూనే ఉంది, బస్సు గోపాల్‌పేట దాటేసరికి దాని కింద నుంచి ఇంకొక వాసన లేచింది. అది పాతర వాసన.

పాతరంటే ఈ కాలం వాళ్లకు చెప్పాలి. మా ఊళ్లో జొన్నలు భూమిలో దాచేవాళ్లు. ఇంటి ముందర ఒక మనిషి దిగేంత మూతితో, లోపలికి పోయేకొద్దీ కుండలాగా వెడల్పయ్యే గొయ్యి ఉండేది. దాన్ని పేడతో అలికి, చుట్టూ ఎండుగడ్డి పేర్చి, కళ్లం నుంచి వచ్చిన జొన్నలు నింపి, మూతి మీద బండ కప్పి, బండ చుట్టూ బంకమట్టి మెత్తేవాళ్లు. రెండేళ్ల కరువొచ్చినా ఆ గింజ చెడదని మా తాత నమ్మకం, అది నిజం కూడా. తీసిన జొన్నలకు మాత్రం పులిసిన వాసన పట్టి ఉండేది, ఆ వాసన రొట్టెలోకి, గటుకలోకి, తినే మా చేతుల్లోకి వచ్చేది, వానాకాలంలో మా బడిలో ఏ పిల్లవాడి పక్కన కూర్చున్నా అదే వాసన. పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగకూడదు. పూటంతా మూతి తెరిచి ఉంచి, తాడుకు లాంతరు కట్టి దింపి, దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. ఇది మా ఊళ్లో అందరికీ తెలిసిన కట్టుబాటు, రాసి ఎవరూ అంటించలేదు.

ఆ ఏడు పీర్ల పండుగ ఎండాకాలంలో వచ్చింది. కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట కర్ణాటక దిక్కు ఆనకట్ట పనికి పోయిన నాయిన పండుగకు ఇంటికొచ్చాడు. బెల్లం కలిపిన మలీద ముద్దలు, అగ్గిగుండం చుట్టూ ఎగిరేవాళ్ల కాళ్ల దుమ్ము, ఎండకు పగిలిన వేపకాయల చేదువాసన, వీటన్నిటి మధ్యలో నాయిన తన సంచిలోంచి ఒక తోలు కవరు పెట్టె తీశాడు. ముందువైపు సన్నటి బెజ్జాలు, పక్కన రెండు గుండ్రటి బిళ్లలు, వెనక టార్చిలైటుకు వేసేలాంటి సెల్లులు. ఒక బిళ్ల తిప్పితే టక్కుమని చప్పుడై, కాసేపు గరగరలాడి, మనిషి మాట్లాడాడు. మా అవ్వ తలమీద కొంగు కప్పుకుంది, పరాయి మగమనిషి ఇంట్లోకి వచ్చాడని. సందెవేళ వార్తల యాళ్లకు వాకిలి నిండిపోయేది. పంట కోత కాలంలో లేత జొన్న కంకుల ఊచబియ్యం కాల్చుకుని తినేటప్పుడు తప్ప అంతమంది మా వాకిట్లో ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

పనికి తిరిగి పోయే రోజు నాయిన నన్ను దగ్గరికి పిలిచి, రేడియో ముల్లు ఉన్నచోట గోటితో చిన్న గీత గీశాడు.

"ఈ ముల్లు కదిలియ్యకు. ఆడ హోటలు కాడ నేను గూడ గివే వార్తలు వింట. ఇద్దరం ఒక్క యాళ్లకు ఒక్కటే మాట వింటం. నేనొచ్చేదాంక దీన్ని మూగవోనియ్యకు బిడ్డా."

మూగబోనియ్యనని చెప్పాను. ఆ రోజు నుంచి వార్తలు వింటుంటే, చదివే ఆయన మాట కంటే, ఇదే మాట ఇప్పుడు నాయిన చెవిలో పడుతోందన్న సంగతే నాకు వినిపించేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

నెల తిరగకముందే పోస్టుమాన్ బాలకిష్టయ్య సైకిలు దిగకుండానే వాకిట్లో ఒంటికాలు మోపి నిలబడ్డాడు. తాతకు వరసకు అల్లుడవుతాడు.

"మామా, రేడియోకు లైసెన్సు బుక్కున్నదా?"

"గదేమన్న తుపాకా, లైసెన్సుకు? కాల్వది, పొడ్వది. ఉత్తగ మాట్లాడుతది."

"మాట్లాడుతదనే మామా లైసెన్సు. గోపాల్‌పేటల ఇన్స్‌పెక్టర్ దిగిండంట. దుకాండ్లల్ల జొరబడి అన్ని తిరగేస్తుండంట. బుక్కు లేకుంటే పెట్టె గుంజుకపోతరు."

ఆ కాలంలో రేడియో ఉన్నవాళ్లు ఏటేటా తపాలా ఆఫీసులో లైసెన్సు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. నాయిన పని దగ్గర ఆ పుస్తకం చేయించుకున్నాడు, కానీ దాన్ని తన సందూకులోనే పెట్టుకున్నాడు. రేడియో ఒకచోట, పుస్తకం ఇంకొకచోట. పుస్తకం ఉంది సారూ, మా ఆయన దగ్గర ఉందని చెబుదామని మా అమ్మ అంది. ఆడమనిషి మాట ఇన్స్‌పెక్టర్ వింటాడా అని తాత అన్నాడు. కళ్లంలో జొన్నలు ఎండుతున్నాయి, పాతర అలికి ఉంది. గింజను రెండేళ్లు కాపాడే పాతర రేడియోను నాలుగు నెలలు కాపాడదా? మా తాత ఆలోచన అది. మా నేల మీద బతికినవాడికి తప్ప ఇంకెవరికీ రాదు.

బాలకిష్టయ్య వెళ్తూ వెళ్తూ, "పెడితే పెట్టిండ్రి గని, సెల్లులు తీసి పెట్టుండ్రి. లోపల్నే ఉంటే కారుతయి" అన్నాడు. తాత నన్ను చూశాడు. ఆ పెట్టె ముట్టుకునే అధికారం ఇంట్లో నా ఒక్కడిదే.

నేను తీయలేదు. సెల్లులు తీస్తే రేడియో నాయిన పెట్టిన చోటును, ఆ మాటలను, ఆ గొంతును మర్చిపోతుందని నాకు గట్టిగా అనిపించింది. మనిషి ప్రాణం పోయినట్టే కదా అనుకున్నాను. అంతే కాదు, మూగబోనియ్యనని మాట ఇచ్చాను. అందుకని ఇంటి వెనక కూర్చుని, చప్పుడు బయటికి రానంత సన్నగా తిప్పి, ఆన్‌లోనే ఉంచి, తోలు కవరు గుండీలు పెట్టేశాను. తాత దాన్ని గొంగడి ముక్కలో చుట్టాడు.

"సెల్లులు తీసినవా?"

"తీసిన తాతా."

సగం నిండిన పాతరలో ఆ మూట పెట్టి, దాని మీద మిగిలిన జొన్నలు పోశారు. బండ కప్పారు. మట్టి మెత్తారు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. వానల్లో పాతర తెరవకూడదు, లోపలికి చెమ్మ చేరితే గింజంతా పాడవుతుంది. తొలి ఏకాదశికి అవ్వ బెల్లం వేసి పేలపిండి దంచితే, నా పిడికెడు తీసుకుని పోయి పాతర బండ పక్కన బోర్లా పడుకుని భూమికి చెవి ఆనించేవాణ్ణి. అటుపక్క పిల్లలు కర్రలు పట్టుకుని చిర్రగోనె ఆడుతుంటే, వార్తల యాళ్లకు నేను అక్కడే ఉండేవాణ్ణి. లోపల నుంచి ఏదో వినబడేది, నా నెత్తురు చప్పుడే అయి ఉంటుంది.

"ఏంరా, నీ చెవుల మన్ను వడ! జొన్నలు ముచ్చట వెడ్తున్నయా?" అని అవ్వ అరిచేది.

దసరా వెళ్లాక నాయిన వచ్చాడు. వాకిట్లో అడుగుపెట్టీ పెట్టగానే రేడియో ఉండే గూట్లో ఖాళీ చోటు చూశాడు. తాత సంగతి చెప్పాడు. మరునాడు పొద్దున బండ తీశారు, పూటంతా ఆగారు, లాంతరు దింపారు, దీపం ఆరలేదు. నాయినే దిగి మూట తెచ్చాడు. గొంగడి విప్పితే వెచ్చగా పులిసిన వాసన మా మొహాలకు కొట్టింది. తోలు మీద తెల్లటి బూజు. నాయిన బిళ్ల పట్టుకుని తిప్పాడు. అది టక్కుమనలేదు, అప్పటికే తిరిగి ఉంది. వెనక్కి తిప్పితే టక్కుమంది. అప్పటిదాకా ఆన్‌లోనే ఉందని ఆ చప్పుడుతో నాయినకు తెలిసిపోయింది. వెనక మూత తీశాడు. సెల్లులు పగిలి, పచ్చటి జిగురు కారి, స్ప్రింగులను, సన్నటి తీగలను తినేసింది. నాయిన నా మొహం చూశాడు. నేను బండ వైపు చూశాను.

"సెల్లులు తీసిండు గదరా పిలగాడు?" అని తాత అడిగాడు.

నాయిన ఆ మూడు సెల్లులను పిడికిట్లోకి లాక్కుని, పంచె మడతలోకి తోసేశాడు.

"తీసిండే. శెమ్మ వట్టింది."

అంతే. ఆ సంగతి మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాయిన నన్ను తిట్టలేదు. ఉన్న పది రోజులూ సందెవేళ ఆ పెట్టె ముందు కాసేపు కూర్చున్నాడు, అది మాట్లాడుతున్నట్టే. తర్వాత పనికి పోయాడు. గోపాల్‌పేటకు వచ్చిన ఇన్స్‌పెక్టర్ రేడియోల కోసం రాలేదని, కోమట్ల దుకాణాల్లో తూకంరాళ్లు తనిఖీ చేసి ముద్ర వేసి పోయాడని, ఆ చలికాలంలో ఎవరో చెప్పారు. బాలకిష్టయ్య కూడా నవ్వలేదు.

నేను అయిదో తరగతి దాకే చదివాను. మిగిలిన చదువు ఆ రేడియోలోనే. వెనక మూత లోపల అంటించిన కాగితం మీద గీతలూ అంకెలూ ఉండేవి, అవే నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పాయి. నిమ్మరసంతో జిగురు కడిగాను, సైకిలు బ్రేకు తీగతో స్ప్రింగులు చేశాను, లోపలి పలక మీద తెగిన రాగిగీతలను పల్చటి తీగలతో అతికాను. అతికేందుకు తగరం, గుగ్గిలం, బొగ్గుల కుంపటి మీద కాల్చిన ఇనుప చువ్వ. మూడేళ్లు పట్టింది. ఒక సందెవేళ గరగరమంది. నాయిన గీసిన గీత మీదికి ముల్లు తెచ్చాను. మాట్లాడింది.

నాయిన వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని ఇంట్లోవాళ్లతో అన్నాను. ఆయన ఎండాకాలంలో వచ్చాడు. కొండ పేల్చే మందుగుండు దగ్గర పెట్టారట ఆయనను, రెండు చెవులూ పోయాయి. నేను రేడియో పెట్టాను. నాయిన నా పెదాల వైపు చూసి, రేడియో వైపు చూసి, బెజ్జాల మీద అరచెయ్యి ఆనించాడు. పెట్టె అదురు చేతికి తగులుతుంటే తల ఊపాడు.

"వొస్తుంది" అన్నాడు.

అప్పుడు చెప్పాను, సెల్లులు నేనే తీయలేదని. గట్టిగానే చెప్పాను. ఆయన చెయ్యి తీయకుండా అట్లే తల ఊపుతూ ఉన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు రేడియో లైసెన్సే ఎత్తేశారు. ఒక ఉదయం రేడియోలోనే చెప్పారు. నేను అప్పుడు ఒక టేపు రికార్డరు విప్పుతున్నాను, పని ఆపలేదు. అప్పుడు కోపం రాలేదు, ఇప్పుడు వస్తుంది. కట్టుబాట్లు ఉండకూడదని నేననను. తూకంరాళ్ల మీద ముద్ర వేసిన ఆ ఇన్స్‌పెక్టరు చేసింది మంచి పని. పాతరలోకి లాంతరు దింపడం కూడా కట్టుబాటే, అది ప్రాణాలు కాపాడింది. కానీ కొన్నవాడి దగ్గర పుస్తకం ఉందా లేదా అని చూసినవాళ్లు, చేసినవాడు మూత పెట్టాడా లేదా అని ఇప్పటికీ ఎందుకు చూడరు? ఫోను తెరిస్తే వంద పేజీల షరతులు, కింద ఒప్పుకుంటున్నానని ఒకటే మీట, ఒప్పుకోనని చెప్పడానికి రెండోది లేదు. సెల్లుకు మూత ఉండాలి, విప్పడానికి మరలుండాలి, విప్పే తీరు కాగితం మీద రాసి లోపల అంటించాలి. ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను. ఎవరూ అడగలేదు.

పాతర పూడ్చేసి చాలా కాలమైంది. ఇప్పుడు మా ఊళ్లో జొన్నలు వేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో, పులిసిన గింజల వాసన ఎలా ఉంటుందో మా మనవరాళ్లకు తెలియదు, చిర్రగోనె పేరు చెబితే నవ్వుతారు. పాతర ఉన్నచోట సిమెంటు గచ్చు పోయించాం. మొన్న దుకాణం నుంచి తిరిగొచ్చి, ఆ గచ్చు మీదే చాప వేసుకుని కూర్చున్నాను. ఫోనులో ఛార్జింగు పూర్తిగా దిగిపోయేదాకా ఆగాను. వేడినీళ్ల సంచితో వెనక అద్దాన్ని వెచ్చబెట్టి, పాత రీఛార్జి కార్డు అంచుతో గమ్మును మెల్లగా విడదీయసాగాను. పక్కనే కుండలో ఇసుక పెట్టుకున్నాను, ఉబ్బిన సెల్లు అంటుకుంటే వేయడానికి. నా భార్య సాయమ్మ గడపలో నిలబడింది.

"ఆ పిల్ల విప్పొద్దన్నదంటివి గద. ఇల్లు అంటువెడ్తవా ఏంది?"

"బయటనే ఉన్న గద."

అద్దం వచ్చింది. లోపల సెల్లు దిండులాగా ఉబ్బి ఉంది. గుచ్చకుండా, వంచకుండా, అంచు పట్టి లేపి, ఇసుకలో పెట్టాను. ఫోను పల్చగా, ఏమీ బరువు లేకుండా నా అరచేతిలో మిగిలింది.

"సెల్లు తీస్తివి. అండ్ల ఉన్నయన్ని మర్చిపోదా అది?" అంది సాయమ్మ.

మర్చిపోదని చెప్పాను. ఆమె నమ్మలేదు. తొమ్మిదేళ్ల వయసులో నేనూ నమ్మలేదు.