రెండు సుడులు

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. నలభై ఏళ్ళుగా క్షవరం చేస్తున్నాడు. పొద్దున్న షాపు తెరిచింది మొదలు నోరు మూతపడదు. కాకపోతే ఆ కబుర్లన్నీ కుర్చీ వెనక నిలబడి, అద్దంలో కనిపించే ముఖంతోనే. ఎదురుపడి పలకరిస్తే ‘ఊ’, ‘ఆ’ తప్ప ఇంకో ముక్క రాదు. మనిషిని ముందునుంచి చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తనకి తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు.

అలాంటి మనిషిని మేనకోడలు తన పెళ్ళివిందులో, ఇంగ్లీషు సినిమాల్లోలా గ్లాసు ఎత్తి పట్టుకుని నాలుగు మాటలు చెప్పమంది.

“నాన్న గురించి చెప్పు మావయ్యా. నాకు మూడేళ్ళప్పుడు పోయాడు. ఫొటోలో చూస్తే ఎవరో పెద్దమనిషిలా ఉంటాడు. అమ్మనడిగితే ఏడుపే. ఆయనది అని చెప్పుకోడానికి నా దగ్గర ఏమీ లేదు.”

కాదనలేకపోయాడు. బావ రేడియోలు బాగుచేసేవాడు. రెండు వారాలకోసారి ఆదివారం షాపుకొచ్చి, ఆ కుర్చీలోనే, కత్తెర చప్పుడుకి నోరు తెరిచి నిద్రపోయేవాడు. జుట్టంతా టంకం వాసన. ఒకసారి కుర్చీ చేతుల మీద చెక్క పలక వేసి, పిల్లని దాని మీద కూర్చోబెట్టి మొదటి కటింగ్ చేయించాడు. పిల్ల ఏడవలేదు గాని, బావ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇవన్నీ ఎలా చెప్పాలో తెలియక, కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ వినిపించి చూశాడు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన జాలిపడి రెండు పేజీలు రాసిచ్చాడు. అందులో బావ ‘సద్గుణ సంపన్నుడు’. సగం గడ్డం నురగతోనే లేచి, ఎవరి రేడియోనో మూగబోయిందని పరిగెత్తిన మనిషి ఆ మాటలో ఎక్కడా కనిపించలేదు. అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కయ్య మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టింది.

“సుడుల మాటెత్తావో, నువ్వు నా తమ్ముడివే కాదు.”

బావకి నడినెత్తిన రెండు సుడులు. పిల్లకీ అవే వచ్చాయి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని లోకం అంటుంది కదా. అందుకే అక్కయ్య చిన్నప్పటినుంచీ పాపిడి అటుతిప్పి ఇటుతిప్పి, ఆ సంగతి పిల్లకి కూడా తెలియకుండా దువ్వుకొచ్చింది.

విందు రోజున రెండువందల మంది ముందు మైకు పట్టుకున్నాడు. కాగితంలో అక్షరాలు చీమల్లా పాకాయి. ఎవరో దగ్గారు. అద్దాలాయన మెల్లగా నడిచి పెళ్ళికూతురి కుర్చీ వెనక్కి చేరాడు. చెయ్యి కుర్చీ వీపు మీద పడగానే ఊపిరి ఆడింది. తల వంచి చూస్తే ముడి కాస్త సడలి, అవే రెండు సుడులు.

“మా బావకి రెండు సుడులండీ,” అనేశాడు.

పెళ్ళికొడుకు నాయనమ్మ చెంచా కింద పెట్టేసింది. అక్కయ్య కళ్ళు మూసుకుంది. అన్నాక గాని ఆయనకీ తెలిసిరాలేదు. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు.

“రెండు పెళ్ళిళ్ళ యోగం బావా, మా అక్క గతేంటని ఏడిపించేవాణ్ణి. ‘ఉందిరా యోగం. రెండోసారీ మీ అక్కనే చేసుకుంటా, మొదటిసారి భయంతో సరిగ్గా చూడలేదు’ అనేవాడు. ఆ సుడులే ఈ పిల్లకీ ఉన్నాయి. ఎవరి నెత్తి వాళ్ళకి కనపడదు కదండీ, వెనకున్నవాడే చెప్పాలి.”

ముందు నవ్వింది అక్కయ్యే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత నాయనమ్మ, ఆపైన హాలంతా. గ్లాసు ఎత్తాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఎత్తాడు.

పెళ్ళికూతురు మాత్రం నవ్వలేదు. చెయ్యి నెత్తి మీదికి పోనిచ్చి తడుముకుంది.

“ఎక్కడ మావయ్యా?”

ఆయన ఆ వేలు పట్టుకుని చోటు చూపించాడు. “ఇదొకటి ఇటు తిరుగుతుంది, అదొకటి అటు. దువ్వెనకి లొంగవు తల్లీ, నాన్నవి కదా.”

వడ్డించినవన్నీ చల్లారిపోతున్నా, ఆ పిల్ల చాలాసేపు వేలు అక్కడే ఉంచుకుంది.