అత్తగారి పేరు పెట్టబోయిన రాతిపువ్వు

మొక్కల మ్యూజియంలో పనిచేసే ఆ కోడలిని అందరూ పొట్లాలావిడ అనే పిలుస్తారు. రాళ్లకూ చెట్లకూ అంటుకుని ఆకుల్లా విప్పారే రాతిపువ్వులను గీకి తెచ్చి, కాగితపు పొట్లాల్లో కట్టి, ఏది ఏ జాతో తేల్చడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు పట్టుకున్న పని, తల నెరిసినా వదల్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుండేవి.

ఆమె వెంట సంచీ మోసేది అత్తగారు. మోకాళ్ల నొప్పులని ఇంట్లో మంచినీళ్లకు కూడా లేవని మనిషి, బండలు కనిపిస్తే చాలు, మేకపిల్లయిపోయేది. సముద్రం ఒడ్డున నల్లరాయి మీద ఆ బూడిదరంగు ఆకుల గుత్తిని ముందుగా చూసిందీ, గీకి తీసిందీ ఆవిడే.

చూడటానికి అది కొండల మీద దొరికే మామూలు జాతే. కానీ ఆ జాతి పైపొర గీకి, లోపలి తెల్లదనం మీద బ్లీచింగ్ నీళ్ల చుక్క వేస్తే ఎర్రబడాలి. ఇది ఎర్రబడలేదు. మళ్లీ వేసినా అంతే.

"అత్తయ్యా, ఇది కొత్త జాతి. దీనికి మీ పేరే పెడుతున్నా" అని ప్రకటించేసింది కోడలు.

"చాల్లేవే, ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది నీ వరస" అని విసుక్కుంది గానీ, అత్తగారికి సంతోషం ఆగలేదు. ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. పెళ్లయిన నాటి నుంచి వదినా, అమ్మా, అత్తయ్యా, నాయనమ్మా తప్ప ఆవిడను ఎవరూ మరోలా పిలవలేదు మరి.

కొత్త జాతి గురించి రాసిన వ్యాసాన్ని పత్రికకు పంపాల్సిన రోజు పొద్దున అత్తగారు దుప్పట్లు నానబెడుతూ, ఇంట్లో బ్లీచింగ్ అయిపోతే కోడలి బల్ల మీది సీసా అందుకుంది. మూత తీసి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఏమేవ్, దీని ఘాటు చచ్చిపోయింది. దీంతో చేతిరుమాలు మరక కూడా వదలదు. ఎప్పటిదిది?"

"పోయిన ఎండాకాలం..." అంటూనే కోడలు నాలిక కరుచుకుంది. నిలవున్న సీసాను నమ్మొద్దని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది తనే.

అత్తగారు వీధి చివర కొట్టుకు వెళ్లి కొత్త సీసా తెచ్చి ముందు పెట్టింది. చుక్క పడింది. తెల్లటి పొర మందారంలా ఎర్రబడింది.

కోడలికి ఏడుపొచ్చింది, తన కొత్త జాతి పోయినందుకు కాదు. "మీరు మాట్లాడకుండా ఉంటే మీ పేరు నిలిచిపోయేది కదత్తయ్యా!"

"ఎన్నాళ్లు? ఎవరో ఒకరు మంచి సీసా కొనేదాకా. ముందు కళ్లు తుడుచుకో."

తుడుచుకుంది. పాత వ్యాసం చింపేసి, మధ్యాహ్నానికల్లా కొత్తది మొదలుపెట్టింది. కొండలు దాటి రాదనుకున్న జాతి ఉప్పుగాలిలోనూ బతుకుతోందంటే అదేం చిన్న మాట కాదు. పటంలో దాని హద్దు తీరం దాకా జరపాలి. తరవాత పొట్లం తీసి, సేకరించినవారి పేరు రాసే చోట అలవాటుగా తన పేరు రాయబోయి ఆగింది.

"అత్తయ్యా, మీ పేరు మనింటి పేరుతో రాయనా, పుట్టింటి పేరుతోనా?"

అత్తగారు పిండుతున్న దుప్పటి వదిలేసి వచ్చి, ఆ ఖాళీ గీత వంక చూస్తూ నిలబడింది.

"పుట్టింటిదే రాయవే" అంది. "అక్కడైతే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు."