ఖాదర్‌బీ దులిపిన కొంగు

"ఈ చేతులతోని ఎత్తుకుంటే బిడ్డకేమన్న అయితే? ఆ మందు దాని ఒంట్లకు ఇంకితే?"

తొమ్మిది రోజులుగా అండాలుది ఇదే మాట. అది 1994. నల్లగొండలోని ఫార్మసీ కాలేజీలో ఆమె పరిశోధన చేస్తోంది. మింగితే చాలావరకు కాలేయంలోనే కరిగిపోయే హార్మోనును, సబ్బు జాతి పదార్థంతో చేసిన కంటికి కనిపించని బుడగల్లో పొదిగి, చర్మం మీద రాస్తే లోపలికి దించాలన్నది పని. రెండేళ్లు సతాయించిన బుడగలు ఎట్టకేలకు కుదిరాయి. ఎలుక చర్మంలోంచి మందు చక్కగా దిగింది. ఆ గెలుపే ఆమెకు భయమైంది. ఎనిమిది నెలల పాపను ముట్టడం మానేసింది. పరిశోధన వదిలేస్తానని గైడుకు చీటీ కూడా రాసిపెట్టుకుంది.

పాపను చూసుకునేది ఖాదర్‌బీ. మక్తల్ మనిషి. పెళ్లయిన నాటి నుంచీ పెళ్లిళ్లకు కారం దంచేది; భర్త బాబా మియా పోయాక నలుగురు పిల్లల్నీ ఆ పనితోనే సాకింది.

"గట్ల దూరం జరుగుతవేంది బేటీ? బిడ్డ ఏమన్న తేలా?"

"తొడుగులేసుకుంటున్న అవ్వా, చేతులు కడుగుతున్న. అయినా భయమే."

"కారం దంచినంక నేను గూడ కడుగుతుంటి. అయినా ఎత్తుకుంటే మా పెద్దోడు కండ్లు మండి మూడు దినాలు ఏడ్సిండు. మా అత్తైతే నాకు దయ్యం పట్టిందన్నది! దంచేటప్పుడు ముక్కుకు కట్టుకున్న కొంగుకే, కడిగిన చేతులు తుడుసుకుంటుంటి. తెలిసినంక మిగిలిన ముగ్గురు ఒక్కనాడు ఏడ్వలే. నువ్వు దేనికి తుడుస్తవ్?"

అండాలు తన కొంగు వైపు చూసుకుంది. పని మధ్యలో జారినప్పుడల్లా తొడుగుల చేతితోనే పైకి లాక్కునే కొంగు. కడిగిన చేతులు తుడుచుకునేదీ దానికే.

మర్నాడు చేతులు కడిగి, దేనికీ తుడవకుండా ఆరబెట్టి, స్పిరిట్ దూదితో అద్ది పరీక్షించింది. మందు జాడ లేదు. కొంగు చివర కత్తిరించి పరీక్షిస్తే, మందు నిక్షేపంగా ఉంది! చీర పాడైందని తోటివాళ్లు నవ్వారు. ఆమె వాళ్లకంటే గట్టిగా నవ్వింది. చీటీ నాలుగు ముక్కలైంది.

ఆ సాయంత్రం కాలేజీలోనే చీర మార్చుకుని వచ్చి, గడపలోనే పాపను ఎత్తుకుంది. పాప ఆమె జుట్టు గుప్పిట పట్టి లాగింది.

"లాగు బిడ్డా, లాగు! తొమ్మిది దినాల బాకీ ఉన్నది," అని ఖాదర్‌బీ చప్పట్లు కొట్టింది.

తర్వాత రెండేళ్లకు అండాలుకు పట్టా వచ్చింది. ఇప్పుడు రెండో బిడ్డ ఒడిలో ఉన్నాడు. ల్యాబు నుంచి బయల్దేరే ముందు ఆమె ఇప్పటికీ ఖాదర్‌బీ చెప్పినట్టే చేస్తుంది: "చేతులు గాలికి ఆరనియ్యి బేటీ. చీర మార్చు. గప్పుడు ఫికర్ లేకుండ ఎత్తుకో."