ఆదం దాటాక చంద్రుడి మీది ఇల్లు

ఒమాన్ ఎడారి చూడాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. చెబుతాను కానీ, ముందు నా భయం చెప్పాలి. తొంభైల్లో నేను ఒమాన్ రాజధాని పక్కన మబేలాలో ఒక క్యాటరింగ్ కంపెనీ స్టోర్‌లో పనిచేసేవాణ్ణి. చంద్రుడి మీద ఎలా బతకాలో నేర్చుకోవడానికి ముగ్గురు విదేశీ పరిశోధకులు ఆదం అనే ఊరి అవతల ఎడారిలో గుండ్రటి తెల్లటి ఇల్లు కట్టుకుని, తలుపులు బిగించుకుని ఉంటున్నారని, వాళ్లకి డబ్బా భోజనాలు మా కంపెనీయే పంపుతోందని తెలిశాక నాకు మనసు ఆగలేదు. పుట్టు పిరికివాణ్ణే అయినా డ్రైవర్ రాజన్న పక్కన ఎక్కి కూర్చున్నాను. మా మేనేజర్ మాత్రం గట్టిగా చెప్పాడు: "గుట్ట వెనక గుడారంలో వాళ్ల సహాయకులుంటారు, సామాను అక్కడ దించి వచ్చేయండి. ఆ ఇంటి కిటికీల ముందుకి పోవద్దు. చంద్రుడి మీద మనుషులుండరు కదా, మీరు వాళ్లకి కనిపించకూడదు."

తెల్లవారగానే బయల్దేరాం. నిజ్వాకి రెండు గంటలు, అక్కణ్నుంచి ఆదం ఇంకో ముప్పావుగంట, రోడ్డు నున్నగా ఉంటుంది. ఆదంలో మలయాళీ హోటల్లో ఇద్దరం అర రియాల్ లోపే పరోటాలు తిని చాయ్ తాగాం. "ఇంత ఎండలో లోపలికా? పానీ హై?" అన్నాడు హోటలతను. "బహుత్ హై భాయ్," అని రాజన్న వెనకున్న క్యాన్ చూపించాడు. మాకున్నది ఆ ఒక్క క్యానే.

తారు రోడ్డు వదిలి కంకర నేల మీద గంటన్నర పోయాక బండి ముందు నుంచి పొగలు. రాజన్న బానెట్ ఎత్తాడు. జగిత్యాల వైపు మనిషి, దేనికీ తొణకడు. "ముందు బండి నడవాలె గద సారూ. నీళ్లు గుడారంల దొరుకుతయ్ తియ్యి," అని క్యాన్ మొత్తం రేడియేటర్లో పోశాడు. నేనూ సరేనన్నాను. పోసిన నీళ్లు పోసినట్టే కింద నుంచి కారిపోయాయి. పైపు పగిలింది.

దూరంగా కనిపిస్తున్న గుట్ట వైపు నడిచాం. గుట్ట పక్కకి వచ్చాం కానీ గుడారం కనిపించలేదు, ఆ తెల్లటి ఇల్లు కనిపించింది. అప్పటికే రాజన్నకి చెమట ఆగిపోయింది. "బిడ్డ బడికి పోయిందా?" అని నన్నడిగాడు. ఎండకి మతి తప్పుతోందని అర్థమై, అతని చెయ్యి పట్టుకుని ఆ ఇంటివైపు లాక్కెళ్లాను.

కిటికీ మీద రెండు చేతులతో బాదాను. లోపల ఒకామె తల తిప్పి నన్ను చూసింది. నిజంగా చూసింది. తర్వాత తెర లాగేసింది. లోపల ఏసీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలుపు దగ్గరికి పరిగెత్తి, వచ్చిన భాషలన్నిట్లో అరిచాను, తిట్టాను, బతిమాలాను. వెనక్కి చూసేసరికి రాజన్న కింద పడి ఉన్నాడు. చచ్చిపోయాడనే అనుకున్నాను.

తెర కొంచెం కదిలింది. కాసేపటికి తలుపు భళ్లున తెరుచుకుంది. చంద్రుడి మీద వేసుకునే బట్టలూ లేవు, శిరస్త్రాణమూ లేదు. బనీనుతో, ఉత్త కాళ్లతో ఆమె ఆ కంకర మీదికి పరిగెత్తుకొచ్చింది. బార్లా తెరిచి ఉన్న రెండు తలుపులూ దాటి ఇద్దరం రాజన్నని లోపలికి ఈడ్చుకెళ్లాం. లోపల ఎర్ర దీపం వెలుగుతూ గంట మోగుతూనే ఉంది. మిగతా ఇద్దరూ తడిబట్టలతో అతన్ని తుడుస్తున్నారు.

చాలాసేపటికి రాజన్న కళ్లు తెరిచి, "బండి ఏడున్నది సారూ?" అన్నాడు. నేను పెద్దగా ఏడ్చేశాను. మమ్మల్ని భయపెట్టి పరీక్షించడానికి మిమ్మల్ని గుడారంవాళ్లే పంపారనుకున్నాం, అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. మరి ఎందుకు తెరిచారని అడిగాను. "అతని చెయ్యి కాలే రాళ్ల మీద పడి ఉంది. నటించేవాడైతే వెనక్కి తీసుకుంటాడు," అంది.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను కానీ, ఆ తెర పడిన క్షణం తలుచుకుంటే ఇప్పటికీ లేచి నీళ్లు తాగుతాను. మీరు వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: రేడియేటర్‌కి పోసే నీళ్లు వేరే క్యాన్‌లో పెట్టుకోండి, తాగే నీళ్లు మాత్రం బండికి పోయకండి. గుడారంవాళ్ల బండిలో బయల్దేరే ముందు, ఆ గంట ఎందుకు మోగిందో నేను అడిగాను. చంద్రుడి మీద ఆ రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే లోపలి గాలంతా పోతుందట. కాలిన పాదాలకి మందు రాసుకుంటూ ఆమె నవ్వింది. "లెక్క ప్రకారం మేం ముగ్గురం ఇందాకే చచ్చిపోయాం," అంది.