కండె పోగులూ, మా ఆడపడుచు ప్రశ్నా

మొన్న మధ్యాహ్నం మా ఆడపడుచు తన ప్రయోగశాల నుంచి ఫోనుకో వీడియో పంపింది. బతికున్న కణంలో సన్నని పోగులు చకచకా పొడుగవుతూ, ఉన్నట్టుండి తరిగిపోతూ, మళ్ళీ మొలుస్తూ కనిపించాయి. కళ్ళజోడు తుడుచుకుని నాలుగుసార్లు చూశాను.

నేను గజపతినగరంలో కొత్త కోడలిగానూ, కొత్త బోటనీ లెక్చరర్‌గానూ ఒకేసారి అడుగుపెట్టిన రోజుల్లో ఆ పిల్ల నా ఇంటర్ క్లాసులోనే ముందు బెంచీలో కూర్చునేది. ఓ రోజు, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే కండె పోగులను బోర్డు మీద తాళ్ళలా గీసి చూపిస్తుంటే, లేచి నిలబడి, "ఈ పోగులు ముందెక్కడుంటాయి వదినా? పనైపోయాక ఏటైపోతాయి?" అంది. 'వదినా' అన్నందుకు క్లాసంతా గొల్లుమంది. జవాబు నాకూ తెలియదు. ఆ ఉక్రోషంలో, సిలబస్‌లో లేనివి అడగొద్దని కసిరి కూర్చోబెట్టాను.

సాయంత్రానికి ఆ పిల్ల సైన్సు మానేసి కామర్సులో చేరతానని పట్టుబట్టింది. బజారులో బట్టల కొట్టు నడిపే మా మావగారికి అదే నయమనిపించింది. మా అత్తగారు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, "తెలీకపోతే తెలీదని సెప్పాల గానీ, పిల్ల నోరు మూసేత్తావేటే?" అన్నారు. బడి ముఖం చూడని ఆవిడ ముందు తలెత్తలేకపోయాను.

ఆదివారం బస్సెక్కి విశాఖపట్నంలో మా గురువుగారింటికి వెళ్ళాను. అవి తాళ్ళు కావని, సూక్ష్మనాళికలనే బోలు గొట్టాలని, చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు కొసన చేరుతున్నంతసేపూ పెరుగుతాయని, చేరడం మందగిస్తే కొస బిగువు సడలి గబగబా విడిపోతాయని, రాలిన ముక్కలతోనే కణం ఇంకోచోట మరో గొట్టం కట్టుకుంటుందని, అలా పెరుగుతూ తరుగుతూ తడుముకుంటూనే క్రోమోజోములను అందుకుంటాయని ఆయన ఓపికగా చెప్పారు.

సోమవారం క్లాసులో, ఆ ప్రశ్న సరైనదని, తెలియక కసిరానని ఒప్పుకుని, అంతా చెప్పాను. ఆ పిల్ల మళ్ళీ లేచి, "మరి ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తరగాలో వాటికెవరు సెప్తారు మేడమ్?" అంది. తెలీదన్నాను, ఈసారి నిబ్బరంగా. పిల్లలు తలో ఊహా చెబుతూ, బెల్లు కొట్టినా లేవలేదు. ఇంట్లో కామర్సు మాట మళ్ళీ వినిపించలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఎన్నోసార్లు తెలీదన్నాను, ఒక్కసారీ జంకలేదు. ఇప్పటి పిల్లలు జవాబులు క్షణంలో వెతుక్కుంటున్నారు, నాకంటే ఎక్కువే నేర్చుకుంటున్నారు. సంతోషమే. కాని టీచరుకూ తెలియని ప్రశ్న ముందు అందరం సమానమై కూర్చున్న ఆ కాస్సేపూ ఎంత బాగుండేదో, అది వాళ్ళకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.