ఒడిలో మిగిలిన చింతపిక్క

నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

కంచరపాలెంలో రైలు పట్టాల వెనక మా వీధి. మా వీధి ఆడవాళ్ల సంఘానికి నేను లీడర్ని. ప్రతి గురువారం మధ్యాహ్నం మా అరుగు మీదే మీటింగు. పోర్టులో కలాసీగా చేసిన మా ఆయన ఉన్న రోజుల్లోనే నన్ను ఎన్నుకున్నారు. చదువు లేదు కదా అంటే, ఆ బొంగురు గొంతు చాల్లే అన్నారు.

రాసుకోలేను కాబట్టి చింతపిక్కలు పెట్టుకున్నాను. వచ్చిన మనిషి కూర్చునే ముందు తన సంగతి నాకు చెబుతుంది. కుళాయి రావడం లేదనో, కాలువ పొంగిందనో. సంగతికొక పిక్క నా ఒడిలో. అది తేలాక పిక్క గిన్నెలో పడుతుంది. ఒడి ఖాళీ అయితే మీటింగు అయిపోయినట్టే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గూడ్సు బండి వస్తే ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు. బండి పోయాక, మాట ఎవరి దగ్గర ఆగిందో వాళ్లే మళ్లీ అందుకోవాలి. లేకపోతే గొంతున్న వాళ్లే లాగేసుకుంటారు. నాకు తెలుసు కదా, పెద్ద గొంతు నాదే.

మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పిల్లలు లేరు. మీటింగు అయ్యాక చాప చుట్టడానికి చేతులు వచ్చేవి కావు. ఒక గురువారం, ఏ సంగతీ లేని పిక్క ఒకటి ఒడిలో వేసుకున్నాను. తేలిపోయిన కాలువ మాటనే మూడుసార్లు తిప్పాను. ఇంకో అరగంట కూర్చున్నారు. ఆ తరువాత ప్రతి వారం అదే పని.

ఒకరోజు ఎదురింటి కోడలు లేచి నిలబడింది.

"కాలవ సంగతి అయిపోనాది కదా పిన్నీ. మల్లీ ఏటి? నాను మద్దిలపాలెం ఎల్లాల. బట్టల కొట్టుకాడ ఓనరు తిడతన్నాడు."

"కూకోయే. ఇంకో పిక్కుంది," అన్నాను.

"అదెవుల్దో సెప్పు మరి."

పక్కనున్న ముసలామె నవ్వింది. "దానికి మొలకొచ్చీదాకా మనల్ని కూకోబెడతాదే."

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. "వచ్చే వారం నుండి మా ఇంటికాడ ఎట్టుకుందుము. బేగి అయిపోద్ది."

మీటింగు పోతే నా గుమ్మం ఎక్కే మనిషి ఉండదు. ఏదో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఈ పిక్క నాదేనే. దీనికి సంగతేటీ నేదు. మీరు ఎల్లిపోతారని ఎట్టుకున్నాను. మీరెల్లినాక..."

అంతలో గూడ్సు వచ్చింది.

నిలబడ్డ కోడలు కూడా కూర్చుంది. కట్టు కట్టే. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఎవరూ నా ముఖం చూడలేదు. బండి పోయింది. మాట ఆగింది నా దగ్గరే, నేనే అందుకోవాలి. అందరూ చూస్తున్నారు. మాటకు బదులు పిక్క గిన్నెలో పడేశాను.

కోడలు చెప్పులు తొడుక్కుంటూ అంది: "గురారం ఈడికే వత్తాం గానీ, పిక్కలు నా ఒళ్లో ఎడతావు."

ఇప్పుడు పిక్కలు ఆమెవి, గొంతు నాది. సంగతులు అయిపోగానే లేస్తారు, వెళ్లిపోతారు. చాప నేనే చుట్టుకుంటాను. ఎప్పుడైనా ఆఖరి పిక్క పడబోయే వేళకు కూత వినిపిస్తే అందరూ అలాగే కూర్చుండిపోతారు. ఆ బండి పొడుగుదైతే బాగుండుననుకుంటాను. ఈ మాట వాళ్లకెప్పుడూ చెప్పలేదు.